వరసలు కలిపే పని

"ఇద్దరూ అన్నదమ్ములే మేడమ్. ఇద్దరికీ సికిలే. పెద్దోడికి కళ్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి, ఏడాదికి రెండుసార్లయినా రక్తం ఎక్కించాలి. చిన్నోణ్ని వాళ్ల నాన్న బలవంతాన పట్టుకొస్తే తప్ప మేం చూడలేం. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే జబ్బు. ఎందుకీ తేడా? మీ కంప్యూటర్ ఏమైనా చెబుతుందా?"

ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే ఒక డాక్టరు గారు కొన్నేళ్ల కిందట ఫోన్లో అడిగిన మాటలివి. "కంప్యూటర్ చెప్పదు డాక్టర్ గారూ, ఎక్కడెక్కడ వెతకాలో మాత్రం చూపిస్తుంది. నాకు నాలుగు రోజులు టైమివ్వండి" అన్నాను. నాలుగు రోజులు సరిపోలేదు.

జవాబు ఒక్కచోట లేకపోవడం అందుకు ఒక కారణం. సికిల్ సెల్ మార్పు ఉండే హెచ్‌బిబి జన్యువు అమెరికాలోని ఎన్‌సిబిఐ దగ్గర ఒక సంఖ్యతో, ఇంగ్లండ్‌లోని ఎన్సెంబుల్‌లో ఇంకో సంఖ్యతో నమోదై ఉంటుంది. ఆ జన్యువు నుంచి తయారయ్యే బీటా గ్లోబిన్ ప్రోటీన్ సంగతులు యూనిప్రాట్‌లో దొరుకుతాయి. ఏ అక్షరం మారిందో డిబిస్నిప్‌లో చూడాలి. ఆ మార్పు జబ్బు తెస్తుందా లేదా అన్నది క్లిన్‌వార్‌లో ఉంటుంది. ఈ రోగులకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వివరాలు కెంబుల్‌లో. అదే మందును ఇంకొన్ని దేశాల పత్రాల్లో వెతకాలంటే హైడ్రాక్సీకార్బమైడ్ అని అడగాలి. జీవశాస్త్ర డేటాబేస్‌ల కోసమే 'న్యూక్లియిక్ యాసిడ్స్ రీసెర్చ్' పత్రిక ఏటా జనవరిలో ఒక ప్రత్యేక సంచిక వేస్తుంది. ఇన్నేళ్లలో ఆ సంచికల్లోకి ఎక్కినవి వెయ్యికి పైనే. ఒక్కొక్కటీ ఒక్కో దేశంలో, ఒక్కో అవసరం కోసం, ఎవరి పేర్లు వాళ్లు పెట్టుకుని కట్టుకున్నవి. అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా చేయడం నా పని. దాన్ని లింక్డ్ డేటా అంటారు.

ఇంట్లో అడిగేవాళ్లకు మాత్రం వరసలు కలుపుతానని చెబుతాను. మా అమ్మమ్మది విజయనగరం దగ్గర పల్లె. పెళ్లిళ్లలో పందిట్లో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చునేది. కొత్తమనిషి ఎవరైనా వస్తే దగ్గరకు పిలిచి, "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేటి? మీ అమ్మ పుట్టిల్లెక్కడ?" అని మూడు ప్రశ్నలు వేసేది. మూడో జవాబు ముగిసేసరికి ఆ వచ్చినామె మనవరాలో, మేనగోడలో, వదినో అయిపోయేది. ఆ ఊళ్లో సత్యాలు నలుగురుండేవారు. ఇంటిపేరు కలపకుండా సత్యం అని పిలిస్తే ఎవరూ పలికేవారు కారు. వరస తేల్చేటప్పుడు అమ్మమ్మ తొందరపడేది కాదు. అన్నాచెల్లెళ్ల వరసవాళ్లను బావామరదళ్లని పొరబడితే సంబంధాల మాటలు ఎంతదూరం చెడతాయో ఆవిడకు తెలుసు. తేలకపోతే, "మనవాళ్లే, ఏ వరసో మటుకు తెలీదు" అని అక్కడితో ఆపేది. ఆ మాట నా వృత్తికి ఎంత పనికొస్తుందో చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరింది 2003లో. మనిషి జన్యుక్రమం చదవడం పూర్తయిందని ప్రకటించిన సంవత్సరమే. పరిశోధన వ్యాసాలు చదివి, అందులోని జన్యువులు, ప్రోటీన్లు, రసాయనాల పేర్లు ఏరి గళ్లల్లో నింపడం మా పని. క్యూరేటర్లు అనేవారు మమ్మల్ని. నాలాంటి ఆడపిల్లలు వరసగా కూర్చుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా వ్యాసాలు చదివే హాలు అది. క్యాన్సర్ పరిశోధనలో అందరికీ తెలిసిన పి53నే తీసుకోండి. ఒక వ్యాసంలో పి53 అని, ఇంకోదాంట్లో టిపి53 అని, మరోదాంట్లో ఏదో పాత పేరుతో ఉండేది. జన్యువు గురించి మాట్లాడుతున్నారో, ప్రోటీన్ గురించి మాట్లాడుతున్నారో వాక్యం మొత్తం చదివితే గాని తెలిసేది కాదు. అందుకని సంఖ్యలు నేర్చుకున్నాం. ఎన్‌సిబిఐ వారి జన్యువుల పట్టికలో 7157. జన్యువులకు అధికారికంగా పేర్లు పెట్టే హెచ్‌జిఎన్‌సిలో 11998. యూనిప్రాట్‌లో పి04637. ఎన్సెంబుల్‌లో ఇఎన్‌ఎస్‌జి00000141510. ఇవన్నీ నాకిప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

అయితే ఉత్త 7157 ఎవరిది? ఆ సంఖ్య ఎన్‌సిబిఐ పట్టికలో ఒకటి, మరో పట్టికలో మరొకటి. ఒకసారి మాకు వచ్చిన ఫైల్లో నిలువు వరస మీద 'ఐడి' అని మాత్రమే ఉంది. కింద వేల సంఖ్యలు. ఎవరి సంఖ్యలో రాయలేదు. ఆ ఫైలు ఇంటిపేరు తెలుసుకోవడానికి మాకు వారం పట్టింది. ఆ వారంలోనే మా సీనియర్ ఒకాయన నాకు టిమ్ బెర్నర్స్-లీ 2006లో రాసిన లింక్డ్ డేటా నియమాల గురించి చెప్పారు. ప్రతి వస్తువుకూ వెబ్ చిరునామానే పేరుగా పెట్టండి. ఆ చిరునామా తెరిస్తే దాని గురించి పనికొచ్చే సమాచారం రావాలి. ఆ సమాచారంలోంచి సంబంధమున్న ఇతర వస్తువుల చిరునామాలకు దారులుండాలి. ఇదీ అందులోని సారం. చిరునామాలో ముందు భాగం ఏ డేటాబేసో చెబుతుంది, చివరి భాగం ఏ వస్తువో చెబుతుంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. తెలుగువాళ్లం పుట్టినప్పటినుంచీ ఇలాగే రాసుకుంటున్నాం కదా అనిపించింది నాకు. ఆ రోజునుంచి ఈ విషయం పరాయిదిగా తోచలేదు.

చిరునామాలు పెట్టాక వాటి మధ్య మాటలు చెప్పాలి. ఆర్‌డిఎఫ్ అనే పద్ధతిలో ప్రతి మాటా మూడు ముక్కలు: కర్త, క్రియ, కర్మ. 'హెచ్‌బిబి జన్యువు, తయారుచేయిస్తుంది, బీటా గ్లోబిన్‌ను.' 'బీటా గ్లోబిన్, ఉంటుంది, ఎర్ర రక్తకణంలో.' బళ్లో నేర్చుకున్న వ్యాకరణమే. మూడు ముక్కలకూ చిరునామాలుండొచ్చు, క్రియకు మాత్రం తప్పకుండా ఉండాలి. ఒక వాక్యంలో కర్మగా ఉన్నది ఇంకో వాక్యంలో కర్త అవుతుంది కాబట్టి వాక్యాలు గొలుసులా కలుస్తాయి. ప్రశ్న అడగాలంటే స్పార్కల్ అనే భాష ఉంది. తెలియని ముక్కను ఖాళీగా వదిలి, తెలిసిన ముక్కలు రాస్తే చాలు. 2013లో వచ్చిన దాని కొత్త రూపంతో ఇంకో మేలు జరిగింది: హైదరాబాద్‌లో కూర్చుని రాసిన ఒకే ప్రశ్నలో సగం స్విట్జర్లాండ్‌లోని సర్వర్‌కు, సగం ఇంగ్లండ్‌లోని సర్వర్‌కు పంపి, రెండు జవాబులనూ కలిపి తెచ్చుకోవచ్చు. యూనిప్రాట్ ఇలా బయటపెట్టిన మూడు ముక్కల వాక్యాలు వేల కోట్లు. ఎవరైనా అడగొచ్చు, పైసా ఖర్చు లేదు. ప్రశ్న బాగా రాయకపోతే మాత్రం జవాబు రాకముందే గడువు దాటిపోతుంది. అలా ఖాళీ తెర చూస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపానో.

ఈ దారి మొదట వేసినవాళ్లను తలుచుకోవాలి. కెనడాలో క్యుబెక్‌లోని లావల్ యూనివర్సిటీ వాళ్లు బయో2ఆర్‌డిఎఫ్ అని మొదలుపెట్టి, 2008లో దాని గురించి రాశారు. ఎవరి డేటా వాళ్లు ఆర్‌డిఎఫ్‌లోకి మార్చేదాకా ఆగకుండా, అందరి డేటానూ తామే మార్చి ఒక పద్ధతి ప్రకారం పేర్లు పెట్టారు. 2014 నాటి మూడో విడుదలలో 35 డేటాబేస్‌లు, దాదాపు 1,100 కోట్ల వాక్యాలు ఉన్నాయి. అంత పని కొద్దిమంది చేతులమీద జరిగిందంటే నాకు ఇప్పటికీ గౌరవమే. మేము మా మొదటి ప్రోగ్రాములు రాసింది వాళ్ల ప్రోగ్రాములు చదివి నేర్చుకునే.

ఇక నా తప్పు సంగతి. డాక్టరు గారి ప్రశ్న తేలడానికి నాలుగు రోజులు చాలకపోవడానికి మూలం అదే.

లింక్డ్ డేటాలో అన్నిటికంటే బలమైన క్రియ 'సేమ్‌యాజ్'. ఇదీ అదీ ఒకటే అని చెప్పడం. అది చెప్పగానే యంత్రం దీని గురించి తెలిసినవన్నీ దానికీ అంటగడుతుంది. అక్కడితో ఆగదు. ఒకటి రెండోదానితో ఒకటే, రెండోది మూడోదానితో ఒకటే అంటే, ఒకటీ మూడూ ఒకటే అని తనంతట తనే తేల్చేస్తుంది. సికిల్ సెల్ మీద మేము కట్టిన మొదటి లింకుల పట్టికలో నేను జన్యువుకూ దాని ప్రోటీన్‌కూ మధ్య ఆ క్రియ పెట్టాను. బీటా గ్లోబిన్ వరకూ పెద్ద నష్టం కనబడలేదు. ఒక జన్యువు, ఒక ప్రోటీన్ ఎంట్రీ: ఎన్‌సిబిఐలో 3043, యూనిప్రాట్‌లో పి68871. పేరు ఏదైతేనేం, మనిషి ఒకరే అనుకున్నాను.

ఆల్ఫా గ్లోబిన్ దగ్గర కథ వేరు. పెద్దల హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసులు రెండు, ఆల్ఫా గొలుసులు రెండు. ఆల్ఫాను తయారుచేయించే జన్యువులు 16వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే రెండుంటాయి: హెచ్‌బిఎ1, హెచ్‌బిఎ2. తల్లినుంచి రెండు, తండ్రినుంచి రెండు, మొత్తం నాలుగు. ఆ రెండు జన్యువులూ అచ్చం ఒకే ప్రోటీన్‌ను తయారుచేయిస్తాయి గనుక యూనిప్రాట్‌లో రెంటికీ కలిపి ఒకే ఎంట్రీ, పి69905. నా పట్టిక ప్రకారం హెచ్‌బిఎ1 ఆ ప్రోటీన్‌తో ఒకటే, హెచ్‌బిఎ2 కూడా దానితో ఒకటే. ఇంకేముంది, యంత్రం హెచ్‌బిఎ1, హెచ్‌బిఎ2 రెండూ ఒకటే అని తేల్చింది. రెండు జన్యువులు కలిసి ఒకటైపోయాయి.

అది ఉత్త తర్కంలో తప్పయితే దిద్దుకుని మరిచిపోయేదాన్ని. కాని ఆల్ఫా జన్యువులు నాలుగింటిలో ఒకటో రెండో లోపించడం మన గిరిజన ప్రాంతాల్లో తరచూ కనిపించే విషయం. సికిల్ ఉన్నవాళ్లలో అలా లోపిస్తే కణంలో హిమోగ్లోబిన్ సాంద్రత కొంత తగ్గి, ఎర్రకణాలు విరిగిపోవడం తగ్గుతుంది. సికిల్ తెచ్చే నొప్పుల విషయంలో లెక్క అంత సూటిగా ఉండదు. అక్కడ పిండదశ హిమోగ్లోబిన్ ఎంత మిగిలింది అన్నది ఎక్కువ పనిచేస్తుంది. ఏదేమైనా, ఒకే ఇంట్లో ఒకరికి కళ్లు పచ్చబడి, ఇంకొకరికి పచ్చబడకపోవడానికి వెతకాల్సిన మొదటి చోట్లలో ఆల్ఫా జన్యువుల లెక్క ఒకటి. నా పట్టిక ఆ లెక్కనే చెరిపేసింది. డాక్టరు గారి ప్రశ్నకు వెతికినప్పుడు ఆల్ఫా లోపం మీద ఉన్న నివేదికలన్నీ ఒకే కుప్పగా వచ్చాయి. ఏ జన్యువు పోయిందో, ఎన్ని పోయాయో విడదీయడానికి వీల్లేకుండా పోయింది.

కనిపెట్టింది మా దగ్గర అప్పుడే చేరిన అమ్మాయి. "మేడమ్, హెచ్‌బిఎ2 గురించి అడిగితే హెచ్‌బిఎ1 పేరు కూడా వస్తోంది. రెంటికీ ఒకే అడ్రసు చూపిస్తోంది. నేనే ఏదో తప్పు రాశానా?" అని భయంభయంగా అడిగింది. ఆ పిల్ల రాసిన ప్రశ్నలో ఏ తప్పూ లేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ క్రియను పట్టికంతటా వెతికాం. ఇంకో పాత ఫైల్లో పి02023 అనే సంఖ్య కనిపించింది. యూనిప్రాట్‌లోని స్విస్-ప్రాట్ భాగంలో ఒకప్పుడు అమైనో ఆమ్లాల అమరిక అచ్చంగా ఒకటే అయితే రెండుమూడు జాతులకు కలిపి ఒకే ఎంట్రీ ఉండేది. మనిషి బీటా గ్లోబిన్, చింపాంజీ బీటా గ్లోబిన్, బొనోబో బీటా గ్లోబిన్ అమైనో ఆమ్లాల్లో ఒక్క తేడా లేకుండా ఒకటే గనుక మూడూ ఆ సంఖ్య కిందే ఉండేవి. తర్వాత జాతికొకటి చొప్పున విడదీశారు. మనిషిది పి68871, బొనోబోది పి68872, చింపాంజీది పి68873. నేను పాత సంఖ్యకూ కొత్త సంఖ్యలకూ మధ్య కూడా 'ఒకటే' అని రాసి ఉంచాను. అంటే నా పట్టికలో మనిషీ చింపాంజీ ఒకటే.

అమ్మమ్మ మాట గుర్తుకొచ్చింది అప్పుడే. మనవాళ్లే, ఏ వరసో మటుకు తెలీదు. ఆ మాట చెప్పడానికి కూడా ఈ పద్ధతిలో క్రియలున్నాయి. 2009లో ప్రమాణంగా వచ్చిన స్కోస్‌లో 'దగ్గరి పోలిక', 'సరిపోలిక', 'దీనికంటే విస్తృతం', 'దీనికంటే పరిమితం' అని మెట్లుమెట్లుగా చెప్పొచ్చు. 'దీన్ని కూడా చూడండి' అని మాత్రమే చెప్పే క్రియ ఇంకా ముందునుంచే ఉంది. జన్యువుకూ ప్రోటీన్‌కూ మధ్య ఉన్నది కన్నతల్లికీ బిడ్డకూ మధ్య ఉండేలాంటి వరస, దానికి వేరే క్రియ ఉంది. పట్టికంతా మళ్లీ రాయడానికి ఐదు నెలలు పట్టింది. 'సేమ్‌యాజ్' ఇప్పుడు మా పట్టికలో దాదాపు లేదు. ఎవరైనా వాడాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి, ఎందుకో రాయాలి.

వరస సరిగ్గా తేలినా అంకెలు సరిపోకపోవచ్చు. సికిల్ సెల్ మార్పు ఒక్క అక్షరం తేడా. బీటా గ్లోబిన్‌లో గ్లూటమిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి చేరుతుంది. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది ఒక అణువుకు వచ్చిన జబ్బు అని చెప్పింది. 1957 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ ఆ ఒక్క అమైనో ఆమ్లం తేడాను పట్టుకున్నాడు. అప్పటినుంచీ వైద్యులు అది ఆరో స్థానం అంటారు. క్లిన్‌వార్‌లో చూస్తే ఏడు అని ఉంటుంది. ప్రోటీన్ తయారయ్యేటప్పుడు మొట్టమొదట మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉండి, తర్వాత ఊడిపోతుంది. రక్తంలో దొరికిన ప్రోటీన్‌ను లెక్కపెట్టినవాళ్లకు ఆరు వచ్చింది, జన్యువునుంచి లెక్కపెట్టినవాళ్లకు ఏడు వచ్చింది. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. పాతవాటన్నిటికీ ఒకటి కలిపేస్తే పోతుందని మాలో ఒకరు నియమం రాశారు. అప్పటికే కొత్త లెక్కలో ఉన్నవాటికి కూడా ఒకటి కలిసింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే హిమోగ్లోబిన్ ఇ మార్పు 26లోంచి 27కు రావాల్సింది, కొన్నిచోట్ల 28కి వెళ్లి కూర్చుంది. ఏ నివేదిక ఏ లెక్కలో ఉందో తెలుసుకోవడానికి ప్రతి దాన్నీ తెరిచి ఆ స్థానంలో నిజంగా గ్లూటమిక్ ఆమ్లం ఉందా అని చూడటమే మార్గం. అది యంత్రానికి నేర్పాం. నేర్పడానికి ముందు కొన్ని వందలు మేమే చూశాం.

క్రోమోజోమ్ మీది స్థానమూ అంతే. మానవ జన్యుక్రమం 2009 నాటి కూర్పులో సికిల్ మార్పు 11వ క్రోమోజోమ్ మీద 52,48,232వ అక్షరం దగ్గర ఉంటే, 2013 డిసెంబరులో వచ్చిన కూర్పులో 52,27,002 దగ్గర ఉంది. అక్షరం కదల్లేదు, దాని ముందున్న ఖాళీలూ తప్పులూ సర్దుకున్నాయి. పైగా హెచ్‌బిబి జన్యువు క్రోమోజోమ్‌కు ఎదురు దిశలో ఉంటుంది. జన్యువు వైపునుంచి చదివితే 'ఎ' పోయి 'టి' వచ్చింది. క్రోమోజోమ్ వైపునుంచి చదివితే 'టి' పోయి 'ఎ' వచ్చింది. డిబిస్నిప్ ఇచ్చిన ఆర్‌ఎస్334 అనే సంఖ్యను అందరూ సికిల్‌కు మారుపేరులా వాడతారు. నిజానికి అది ఆ చోటుకు పేరు, ఆ మార్పుకు కాదు. అదే చోట 'ఎ' కాకుండా వేరే అక్షరం వచ్చినా సంఖ్య అదే. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: చోటును, అందులో ఉన్నవాణ్ని కలిపి ఒకే పేరుతో పిలవొద్దు.

ఈ స్థానాల తలనొప్పి ప్రపంచమంతా ఉన్నదే. కొన్ని ఫైళ్లు మొదటి అక్షరాన్ని ఒకటి అంటాయి, కొన్ని సున్నా అంటాయి. జపాన్‌లో జీవశాస్త్ర డేటాబేస్‌ల కేంద్రం వాళ్లు 2008నుంచి ఏటా బయోహ్యాకథాన్ అని నడుపుతున్నారు. రకరకాల దేశాల డేటాబేస్‌లవాళ్లు ఒక వారం పాటు ఒకచోట కూర్చుని చేతులతో పనిచేసే సమావేశం అది. జన్యువు స్థానాన్ని ఆర్‌డిఎఫ్‌లో ఎలా రాయాలో చెప్పే ఫాల్డో అనే పదజాలం 2012 సమావేశంలో మొదలై, 2016లో వ్యాసంగా వచ్చింది. ఏ కూర్పు మీద, ఏ దిశలో, ఎక్కణ్నుంచి లెక్కపెట్టి అన్నవన్నీ స్థానంతోపాటే రాయాలి అందులో. ఉత్త సంఖ్యకు చోటు లేదు. ఫాల్డో వాడటం మొదలుపెట్టాక మా తగాదాలు సగానికి సగం తగ్గాయి. ఒక వారం ఎదురెదురుగా కూర్చుంటే తేలే సంగతి ఏళ్ల తరబడి ఈమెయిళ్లలో తేలదని ఈ వృత్తిలో ఉన్న ఎవరైనా ఒప్పుకుంటారు.

వరి మీద పనిచేసిన రెండేళ్లు నాకు ఇంకో పాఠం నేర్పాయి. బాపట్లలో పుట్టిన బిపిటి 5204, సాంబ మసూరి, మన ఇళ్లల్లో తినే అన్నం. దానికి ఎండాకు తెగులు బెడద ఎక్కువ. హైదరాబాద్‌లోని సిసిఎంబి, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటి ఎక్స్‌ఎ13. దీన్ని ఇంగ్లిషులో చిన్న అక్షరంతో మొదలుపెట్టి రాస్తే తెగులును తట్టుకునే రూపం. పెద్ద అక్షరంతో మొదలుపెడితే తెగులుకు లొంగే రూపం. తట్టుకునే రూపం రెండు వైపులనుంచీ వస్తేనే పనిచేస్తుంది కాబట్టి వృక్షశాస్త్రంలో అది చిన్న అక్షరం. మాకు అందిన ఒక ఫైల్లో ఎవరో ముందుగానే అన్ని పేర్లనూ చిన్న అక్షరాల్లోకి మార్చేశారు. శుభ్రంగా ఉంటుందని కాబోలు. తట్టుకునే మొక్కలు, లొంగే మొక్కలు ఒకే పేరు కింద చేరాయి. అదే జన్యువును మరో పరిశోధక బృందం ఓఎస్8ఎన్3 అంది, ఇంకో కుటుంబ క్రమంలో అది ఓఎస్‌స్వీట్11. కణంలోంచి చక్కెరను బయటికి పంపే జన్యువు అది. తెగులు తెచ్చే బ్యాక్టీరియా దాన్ని తన తిండి కోసం వాడుకుంటుంది. మూడు పేర్లనూ కలిపితేనే ఈ కథ అర్థమవుతుంది. పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ కలిపేస్తే మొత్తం చెడుతుంది.

మనుషుల జన్యువుల పేర్లకు ఇంకో రకం కష్టం వచ్చింది. సెప్టిన్, మార్చ్ కుటుంబాల జన్యువుల పొట్టి పేర్లను ఎక్సెల్ తేదీలనుకుని సెప్టెంబరు 2, మార్చి 1 అని మార్చేసేది. ఎన్నో వ్యాసాల అనుబంధ పట్టికల్లో ఆ తేదీలు అలాగే అచ్చయ్యాయి. చివరికి 2020లో హెచ్‌జిఎన్‌సి ఆ జన్యువుల పేర్లే మార్చింది. పాత పట్టికలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఇప్పటికీ విప్పుతూనే ఉన్నాం.

ఇద్దరు సంతకం పెట్టే నియమం పెట్టాక కూడా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. రెండు వస్తువులు ఒకటేనా అన్నదానికి అందరికీ ఒకే జవాబు ఉంటుందా? మందుల పరిశోధన కోసం యూరప్‌లో 2011నుంచి 2016 దాకా నడిచిన ఓపెన్ ఫాక్ట్స్ అనే ప్రాజెక్టు దీన్ని సూటిగా ఎదుర్కొంది. ఒక మందు, దాని సోడియం లవణం ఒకటేనా? రోగికి ఏం పనిచేస్తుందని అడిగే డాక్టరుకు ఒకటే. మాత్ర ఎలా కరుగుతుందని చూసే రసాయన శాస్త్రవేత్తకు వేరు. వార్ఫరిన్‌కు ఎడమచేయి కుడిచేయి లాంటి రెండు రూపాలుంటే, ఒకటి రెండోదానికంటే బలంగా పనిచేస్తుంది. ఓపెన్ ఫాక్ట్స్ వాళ్లు లింకులను ఒక్కసారే తేల్చేయకుండా, ఎవరి ప్రశ్నకు తగ్గట్టు వాళ్లు కొన్ని లింకులను తెరిచి కొన్నిటిని మూసేలా కటకాలు పెట్టారు. కంటికి తగ్గ కళ్లద్దం. నేను చూసినంతలో ఈ రంగంలో ఇంతకంటే నిజాయితీ ఉన్న ఆలోచన రాలేదు. మా పట్టికలో కూడా ఇప్పుడు ప్రతి లింకుకూ ఎవరు చెప్పారు, దేన్ని చూసి చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నవి ఉంటాయి.

కలపకూడని లింకులు కూడా ఉన్నాయి. 2023 జులై 1న కేంద్రప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక గిరిజన ప్రాంతాల్లో పెద్ద ఎత్తున పరీక్షలు జరుగుతున్నాయి, మనిషి మనిషికీ కార్డులిస్తున్నారు. పెళ్లికి ముందు ఇద్దరూ కార్డులు చూసుకోవాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఒక సమావేశంలో ఒకాయన, "ఊరు, వయసు, కులం, జన్యు ఫలితం అన్నీ లింక్ చేస్తే బ్రహ్మాండమైన మ్యాప్ వస్తుంది కదా మేడమ్" అన్నారు. నలభై గడపలున్న గూడెంలో పదహారేళ్ల ఆడపిల్ల, ఇంటిపేరు ఫలానా అంటే ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది. జబ్బు లేకుండా జన్యువు మాత్రమే ఉన్న పిల్లకు కూడా సంబంధాలు తప్పిపోతాయి. అబ్బాయిల కార్డు అడిగేవాళ్లు తక్కువ. నేను ఆ లింకు కలపనన్నాను. ఊరి బదులు జిల్లా దాకా ఉంచి, కుటుంబ బంధాలు ఆస్పత్రి కంప్యూటర్ దాటి బయటికి రాకుండా కట్టాం. ఆయనకు నచ్చలేదు. వాదన ఇంకా ముగియలేదు కూడా.

ఇక ఆ అన్నదమ్ముల విషయం. పట్టిక దిద్దాక ఏమేం పరీక్షించాలో డాక్టరు గారికి జాబితా పంపాను: ఆల్ఫా జన్యువులు ఎన్ని, పిండదశ హిమోగ్లోబిన్ ఎంత, ఆ హిమోగ్లోబిన్‌ను అదుపుచేసే బిసిఎల్11ఎ జన్యువు దగ్గర ఏ రూపం. నమూనాలు కొండ దిగి రావడానికి మూడు వారాలు పట్టింది. చిన్నవాడికి ఆల్ఫా జన్యువులు రెండే ఉన్నాయి. అన్నకు నాలుగూ ఉన్నాయి. అంతటితో అంతా తేలిందని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. "సరే, పెద్దోడికి హైడ్రాక్సీయూరియా మొదలుపెడుతున్నాను. వాళ్లమ్మకు ఈ తేడా ఎలా చెప్పాలో అర్థం కావడం లేదు" అన్నారు ఫోన్లో. "ఒకే కడుపున పుట్టినా అన్నీ ఒకేలా రావని ఆవిడకు తెలిసే ఉంటుంది డాక్టర్ గారూ, మీరు మొదలుపెట్టండి" అన్నాను.

యూనిప్రాట్ ఎనిమిది వారాలకోసారి కొత్త విడుదల ఇస్తుంది. ఆ రోజు మా లింకులన్నీ మళ్లీ సరిచూసుకుంటాం. ఎంట్రీలు కలుస్తాయి, విడిపోతాయి, కొన్ని మూతపడతాయి. అప్పట్లో భయంభయంగా అడిగిన ఆ అమ్మాయే ఇప్పుడు ఆ పని నడుపుతోంది. పోయినసారి పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేడమ్, ఈసారి పదకొండు తెగాయి. మూడు మన రక్తం పట్టికలోవి."

"ఆల్ఫా గ్లోబిన్ ఉందా అందులో?"

"లేదు, చూశాను. ఒకటి మాత్రం ఇదివరకు ఒకే ఎంట్రీ, ఇప్పుడు రెండు చేశారు. దేనికి కలపమంటారు?"

"ఇప్పుడే కలపకు. 'ఇది కూడా చూడండి' అని పెట్టి ఉంచు. నేను వచ్చాక ఇద్దరం కలిసి వ్యాసం చదువుదాం" అని, బస్సు కోసం బయల్దేరాను.